మామునూరు చుట్టూ రెండంతస్తులే కట్టాలన్న మెసేజ్ నమ్మి భూమి అమ్ముకోకండి

వరంగల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మామునూరు ఎయిర్‌పోర్టు వస్తోంది కాబట్టి చుట్టూ 20 కిలోమీటర్ల వరకు రెండంతస్తులు దాటి కట్టనివ్వరట, ఇప్పటికే కట్టినవి కూల్చేస్తారట, పంచాయతీ పర్మిషన్ చేతిలో ఉన్నవాళ్లకు మాత్రం ఏ భయమూ లేదట, మిగతావాళ్లు ధర పడిపోకముందే అమ్ముకోవాలట. మొన్న మా కాక ఫోన్ చేసి, "ఏందిరా, నిజమేనా? ఒకాయన వచ్చి సగం రేటుకు అడుగుతుండు, ఇచ్చేద్దామా?" అన్నాడు. ఆయన గొంతులో టెన్షన్ విన్నాకే ఇది రాయాలనిపించింది.

ముందు ఆ 20 కిలోమీటర్ల సంగతి. అంకె ఎక్కడినుంచో పుట్టింది కాదు, రూల్లో ఉన్నదే. 2015లో పౌర విమానయాన శాఖ ఎత్తు పరిమితుల నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఎయిర్‌పోర్టు నుంచి 20 కిలోమీటర్ల లోపు కట్టేటప్పుడు, ఆ ఎత్తు విమానాలకు అడ్డమా కాదా అని చూసుకోవాలి. అంతేగానీ అంతవరకు కట్టడాలు ఆపమని ఎక్కడా లేదు. పెద్ద జెట్ విమానాలు దిగే రన్‌వేకి లెక్క ఎలా ఉంటుందంటే, చుట్టూ 4 కిలోమీటర్ల దాకా ఎయిర్‌పోర్టు నేలమట్టం నుంచి 45 మీటర్ల ఎత్తులో కంటికి కనిపించని కప్పు ఒకటి పరిచినట్టు అనుకోండి. అంతస్తుకు 3 మీటర్లు వేసుకున్నా అది పద్నాలుగు, పదిహేను అంతస్తులు. అక్కడినుంచి ఆ కప్పు వంద మీటర్లకు 5 మీటర్ల చొప్పున పైకి లేస్తూ 6 కిలోమీటర్ల దగ్గర 145 మీటర్లకు చేరుతుంది, ఆ తర్వాత 15 కిలోమీటర్ల వరకు 150 మీటర్లు. ఇందులో రెండంతస్తులు ఎక్కడున్నాయి?

మా కాక భూమి రన్‌వేకి పక్కవైపు, దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ కప్పు 95 మీటర్ల ఎత్తులో ఉంటుంది. భూమి ఎయిర్‌పోర్టు కంటే 20 మీటర్లు మెరకగా ఉన్నా ఇంకా 75 మీటర్లు మిగులుతుంది. ఆయన కట్టాలనుకుంటున్నది కొడుకులిద్దరికీ చెరో అంతస్తు. రాడార్, ల్యాండింగ్ సిగ్నల్ పరికరాలకు వేరే పరిమితులు కూడా ఉంటాయి, చివరి అంకె ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చెప్పాల్సిందే, అది నిజం. కానీ ఆ దూరంలో రెండంతస్తుల ఇంటి కోసం ఎవరూ నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మరి ఎవరు జాగ్రత్తగా ఉండాలి? రన్‌వే రెండు చివర్లకు సూటిగా ఎదురుగా భూములున్నవాళ్లు. అక్కడ కప్పు చాలా కిందనుంచి మొదలవుతుంది. రన్‌వే చివర దాటిన కాస్త దూరం నుంచి వంద మీటర్లకు 2 మీటర్లు మాత్రమే లేస్తుంది. అంటే కిలోమీటరు దూరంలో 20 మీటర్లు. అయిదంతస్తులు కట్టి, పైన లిఫ్ట్ రూము, దాని మీద వాటర్ ట్యాంకు, దాని పక్కన సెల్ టవర్ పెడితే దాటిపోతుంది. పక్కవైపు ఉన్నవాళ్లకు, చివర ఉన్నవాళ్లకు ఇంత తేడా ఉంటే ఆ మెసేజ్ అందర్నీ ఒకే గాటన కట్టేసింది. భయపడాల్సిన అవసరం లేనివాళ్లు అమ్ముకుంటున్నారు, చూసుకోవాల్సినవాళ్లు ఊరుకుంటున్నారు.

ఆ మెసేజ్ కింద కొందరు దీనికి పూర్తిగా ఉల్టా వాదన చేస్తున్నారు. విమానం అంత ఎత్తున పోతుంటే మన ఇంటి మీది ట్యాంకుతో దానికేం పని అని. మామూలు రోజున నిజమే. దిగే విమానం మూడు డిగ్రీల వాలులో వస్తుంది, రన్‌వేకి రెండు కిలోమీటర్ల దూరంలో సుమారు 120 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కానీ ఈ రూలు రాసింది మామూలు రోజు కోసం కాదు. రెండింజన్ల జెట్ పైకి లేస్తుండగా ఒక ఇంజన్ ఆగిపోయిందనుకోండి, చక్రాలు మడిచాక అది కనీసం వంద మీటర్లకు 2.4 మీటర్లు ఎక్కగలిగితే చాలని ప్రమాణం. అందులోంచి కూడా భద్రత కోసం కొంత కోసేసి 1.6 మీటర్లుగానే లెక్క వేస్తారు. పైలట్ ఒక ఇంజన్ మీద నిండా ప్రయాణికులతో ఆ కాస్త ఎత్తు కోసం పెనుగులాడుతున్నప్పుడు ముందు ఏమీ అడ్డు ఉండకూడదు. మన దగ్గర మే నెల ఎండలో గాలి పలచబడి విమానాలు ఇంకా నెమ్మదిగా ఎక్కుతాయని కూడా గుర్తుపెట్టుకోవాలి. అడ్డంకులు ఎక్కువైతే విమానయాన సంస్థలు సీట్లో, సరుకో తగ్గించుకోవాలి, లేదా రన్‌వేలో కొంత భాగాన్ని ల్యాండింగ్‌కు వాడకుండా వదిలేయాలి. 1981 నుంచి మూతపడి ఉన్న ఎయిర్‌పోర్టు కోసం ఇన్నేళ్లు అడిగి, 2025లో కేంద్రం ఒప్పుకున్నాక, నాలుగు టవర్ల వల్ల దాని రన్‌వేని మనమే పొట్టి చేసుకుంటామా?

పంచాయతీ పర్మిషన్ ఉంటే చాలన్నది అన్నిటికంటే ప్రమాదమైన మాట. ఎక్కడ ఎంత ఎత్తు కట్టొచ్చో రంగుల గళ్లలో చూపే జోనింగ్ మ్యాప్ తయారైన ఎయిర్‌పోర్టుల దగ్గర, మీ స్థలమున్న గడికి రాసిన ఎత్తు లోపలైతే స్థానిక సంస్థే నేరుగా పర్మిషన్ ఇవ్వొచ్చు. ఎర్ర రంగు గడి అయితే మాత్రం ఇల్లు ఎంత చిన్నదైనా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, లేకుండా కుదరదు. ముంబైలో ఏమైందో చూడండి, ఎయిర్‌పోర్టు దగ్గర ఎత్తు దాటిన 48 భవనాల పై భాగాలు తీసేయమని 2022లో బాంబే హైకోర్టు కలెక్టర్‌ని ఆదేశించింది. పెద్ద నగరంలో, ఏళ్ల తరబడి జనం కాపురం ఉంటున్న బిల్డింగులవి.

ఎన్‌ఓసీ కాగితం చదవడంలో కూడా ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. అందులో ఉండే ఎత్తు సముద్రమట్టం నుంచి. మీ స్థలం సముద్రమట్టానికి 275 మీటర్ల ఎత్తులో ఉండి కాగితం మీద 320 అని ఉంటే, మీకు దొరికింది 45 మీటర్లు. మెట్ల గది, ట్యాంకు, పిడుగు కడ్డీ, డిష్, పైన పెట్టే హోర్డింగ్ అన్నీ ఆ 45లోనే. ఫోన్ యాప్‌లో చూసిన ఎత్తు రాసి పంపితే పది మీటర్లు అటూఇటూ అయిపోతుంది, మూడంతస్తులు గాల్లో కలిసిపోయినట్టే. సర్వేయర్‌తో లెవెల్ పట్టించండి.

ఇక ఇళ్లు కూల్చేస్తారన్న భయం. అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత ఇది బాగా పాకింది. 2025 జూన్ 12న విమానం హాస్టల్ మీద పడింది గానీ, దానికి కారణం భవనం ఎత్తు కాదు. లేచిన కొన్ని సెకన్లకే రెండు ఇంజన్లకూ ఇంధనం ఆగిపోయిందని ప్రాథమిక నివేదికలోనే ఉంది. ఆ తర్వాతి వారం కేంద్రం అడ్డంకుల తొలగింపు మీద ఒక ముసాయిదా బయటపెట్టింది, దాన్ని చూపించి కొత్త చట్టం వచ్చేసిందని చెప్తున్నారు. కూల్చే అధికారం 1994 నిబంధనల్లోనే ఉంది. ముందు నోటీసు ఇవ్వాలి, యజమాని కొలతలు, పర్మిషన్ కాగితాలు చూపించుకోవాలి, ఆయన మాట వినాలి. రూలు రాకముందే చట్టప్రకారం కట్టుకున్న ఇంటికి నష్టపరిహారం మాట కూడా ఉంది. రాత్రికి రాత్రే జేసీబీ వచ్చి నిలబడదు.

ఆ మెసేజ్‌లో అసలు లేని విషయం ఒకటి ఉంది, ఊళ్లో ఉన్నవాళ్లకు అదే ఎక్కువ తగులుతుంది. ఎయిర్‌పోర్టుకు 10 కిలోమీటర్ల లోపు బయట చెత్త పోయడం, పశువుల్ని కోసి వ్యర్థాలు పడేయడం నిషేధం, ఎందుకంటే గద్దలు మూగుతాయి. ఖమ్మం రోడ్డు పక్కన కోళ్ల వ్యర్థాలు సంచుల్లో కట్టి పడేసే అలవాటు ఇప్పుడే మానాలి. రన్‌వే చివర వరసల్లో పెరిగే తాడిచెట్లు, నీలగిరి తోటలు కూడా అడ్డంకుల లెక్కలోకే వస్తాయి.

కాకకు నేను చెప్పింది ఇంతే. పట్టా కాగితం పట్టుకుని భూమి నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు, లెవెల్ తీయించు, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ సైట్లో వాటితో అడుగుదాం, జవాబు వచ్చేదాకా ఆ కొనేటాయన అడ్వాన్స్ ముట్టుకోకు అని. సోమవారం సర్వేయర్ వస్తున్నాడు.