ఇఫిస్ కథ సంగతేమిటి మరి?
పాతకథల్ని తిరగరాసే ఇప్పటి రచయిత్రులు వాటిలో లేని ప్రేమని, ఆడవాళ్ల మధ్య ప్రేమని, తెచ్చి అతికిస్తున్నారని మీ వ్యాసంలో అన్నారు. అన్ని కథలనీ ఆ గాటన కట్టేస్తే ఒప్పుకోలేను. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన ఇఫిస్ కథే తీసుకోండి, రెండువేల ఏళ్ల నాటిది. ఆడపిల్ల పుడితే చంపేయమంటాడు తండ్రి. తల్లేమో పుట్టిన ఇఫిస్‌ని మగపిల్లాడని చెప్పి పెంచుతుంది. పదమూడో ఏట అయాంథీ అనే అమ్మాయితో పెళ్లి కుదురుతుంది. ఇఫిస్‌కి ఆ పిల్లంటే ప్రాణం, కానీ ఆవు ఆవుని వలచదు కదా, నాకే ఎందుకిలా అని కుమిలిపోతుంది. తల్లి ఒకసారి జబ్బని, ఇంకోసారి శకునం బాగోలేదని పెళ్లి వాయిదా వేస్తూ పోతుంది. చివరికి ఐసిస్ అనే ఈజిప్టు దేవత గుడిలోంచి బయటికొస్తుంటే ఇఫిస్ అంగలు పెద్దవవుతాయి, జుట్టు పొట్టిదవుతుంది, మగవాడైపోతుంది. మన ఉద్యోగపర్వంలో శిఖండినిని కొడుకని పెంచి దశార్ణ రాజు కూతురితో పెళ్లి చేయడం, తర్వాత యక్షుడు తన మగతనం అరువివ్వడం గుర్తొస్తుంది (అక్కడ ప్రేమ ఊసు లేదులెండి, గొడవంతా మామగారితోనే). 2007లో అలీ స్మిత్ అనే రచయిత్రి ఇఫిస్ కథని స్కాట్లండ్‌లోని ఇన్వర్‌నెస్‌కి తెచ్చి 'గర్ల్ మీట్స్ బాయ్' అనే నవల రాశారు. ప్రేమికులిద్దరూ అమ్మాయిలుగానే ఉంటారు. ఆవిడ ప్రేమని కొత్తగా అతికించలేదు, ఓవిడ్ చివర్లో తగిలించిన మార్పుని తీసేశారంతే. సిండ్రెల్లాలో రాకుమారుడి బదులు రాకుమారిని పెట్టి మిగతాదంతా ఉన్నదున్నట్టు దించేసే నవలలంటే మాత్రం నాకూ విసుగే, అక్కడ మీతో పేచీ లేదు.