మహారాజశ్రీ అక్షరం గారికి, చెవుల తరఫున

మహారాజశ్రీ అక్షరం గారి దివ్యసముఖానికి,

భాషాశాస్త్రం మొదటి సెమిస్టరు పిల్లలకి ఫొనాలజీ, అంటే భాషలో ధ్వనుల లెక్కాజమా, చెప్పుకుని బతికే పంతులు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, కుశలం ప్రస్తుతానికి తమరి వైపే ఉంది.

తమరి వైభవం ఏటా మొదటి క్లాసులోనే కనిపిస్తుంది. ‘తెలుగులో ఎన్ని ధ్వనులున్నాయి?’ అని అడుగుతాను. ‘56 సార్!’ గది గదంతా ఒకటే గొంతు. ఆ లెక్కలో ఌ, ౡ కూడా ఉన్నాయి. మాటల్లో వాటిని పలికిన మనిషిని నేనింకా చూడలేదు, హాజరుపట్టీలో మాత్రం పేర్లున్నాయి. ఋషిలో ఋకీ, రుచిలో రుకీ తేడా వినిపించమంటే, గాల్లో వేలితో రాసి చూపిస్తారు. ‘లక్ష్మి’లో ధ్వనులెన్ని అంటే రెండంటారు. మూడు హల్లులు ఒకదానికొకటి వేలాడుతున్నాయి కాబట్టి ఆ గుత్తంతా ఒకటే శాల్తీ అని వాళ్ల నమ్మకం. ఆరు అని నేనంటే, జీతం పెంచమని అడిగినట్టు చూస్తారు.

సున్న సంగతి విడిగా మనవి చేసుకోవాలి. బోర్డు మీద పంట, పంది, పంపు, పంచె, పంకా అని రాశాను. ‘సున్న దాకా పలికి ఆగండి. నాలుక ఎక్కడ తగిలింది?’ అన్నాను. ముందు బెంచీ అమ్మాయి పలికి, ఆగి, బాగా ఆలోచించి చెప్పింది.

‘సున్నకి సార్.’

బోర్డు తుడిచేశాను. కళ్లు మూసుకుని మళ్లీ పలకమన్నాను. పంటకి నాలుక కొన వెనక్కి మడతపడింది. పందికి పళ్ల వెనక ఆనింది. పంపుకి నాలుకతో పనే పడలేదు, పెదాలు మూసుకున్నాయి. పంకా దగ్గరికొచ్చేసరికి ఆ అమ్మాయి కళ్లు తెరిచి, ‘సార్, ఇన్నీ ఒకటే అనుకున్నామా మేం!’ అంది. ఒకటే అనుకోవడంలోనే అసలు పాఠం ఉందమ్మా అని చెప్పబోతే బెల్లు కొట్టారు. (మీరు, నీరు అన్నప్పుడు అర్థమే మారిపోయేలా తగువులాడుకునే మ, న ఇక్కడ ఒకే సున్నలో ఎందుకు రాజీపడ్డాయన్నది ఇంకో వారం గొడవ.)

పాణిని సంస్కృతం గురించి చెప్పినా, ఈ ముచ్చటకీ సరిపోయే సూత్రం ఒకటుంది: అనుస్వారస్య యయి పరసవర్ణః, 8.4.58. సున్న తన తర్వాత వచ్చే హల్లు ఇంట్లోనే కాపురం పెడుతుందని. హంస, సింహంలో సున్న తర్వాతి స, హ ఆ సూత్రంలోని ‘యయి’ అనే హల్లుల జాబితాలో పడవు. వాటి జోలికెళ్లి పిల్లల్ని హడలగొట్టను.

ఇక చ. చాపలో పళ్ల దగ్గర పుడుతుంది, చేపలో అంగిలి దగ్గర. ఇ, ఎలతో కూడితే తాలవ్యం, అ, ఉ, ఒలతో కూడితే దంత్యం అని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే తేల్చేశాడు. చరిత్ర, చక్రం లాంటి సంస్కృత చుట్టాలు ఈ పద్దులోకి రారు. ఒకటి వచ్చే చోట రెండోది రాదు; కాంప్లిమెంటరీ డిస్ట్రిబ్యూషన్ అని మేం గంటసేపు నలిపేది ఈ సంగతే. హాయిగా చెప్పుకుపోతున్నాను, వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. ‘సార్, వచ్చాడులో ఆ ఉందిగా. మరి అక్కడ తాలవ్యమెందుకొచ్చింది?’

నాకు చెమట పట్టింది. తర్వాత వెలిగింది. సూత్రం తప్పలేదు, తమరు అబద్ధమాడారు. చాలామంది నోట ‘వచ్చాడు’లో ఉన్నది ఆ కాదు, ‘బ్యాంకు’ అనేటప్పుడు వచ్చే అచ్చు. నోటి ముందుభాగంలో పుట్టే అచ్చు కనక చ్చ తాలవ్యమైంది. రోజుకి వందసార్లు పలికే ఆ అచ్చుకి తమరి 56లో సీటు లేదు. ఌకి ఉంది.

ఇంత తిట్టినా నా పరువు నిలవదని తెలుసు. 1947లో కెనెత్ పైక్ అనే భాషాశాస్త్రవేత్త ఫోనీమిక్స్ మీద, అంటే అర్థాన్ని మార్చే ధ్వనుల్ని ఏరి లెక్కతేల్చడం మీద, రాసిన పాఠ్యపుస్తకానికి ఉపశీర్షికే ‘భాషల్ని రాతలోకి దించే పద్ధతి’ అన్న అర్థంలో ఉంటుంది. అంటే మా విద్య తమర్ని తయారుచేసే విద్యే! తమర్ని పిల్లల చెవుల్లోంచి మెడపట్టి గెంటి, నాలుగు నెలలు పలికించి, వినిపించి, చివరికి మళ్లీ తమర్నే పీటేసి కూర్చోబెట్టాలి. ఐదు చోట్ల పుట్టే ముక్కుధ్వనికి ఒకటే సున్న చుట్టిన ఆ పాత రాయసగాడెవడో గానీ, ఫొనాలజీ క్లాసుకి రాకుండానే పాసైపోయాడు. నా పిల్లలు వచ్చి కూడా...

ఉంటాను. పేపర్లు దిద్దాలి.

ఇట్లు,
తమరి చేతిలో ఏటా ఓడిపోయే పంతులు

తా.క. ‘పంట’ ఎలా పలుకుతారో లిపి చూడకుండా విని రాయండి అని ప్రశ్న ఇచ్చాను. ధ్వనుల్ని మేం రెండు ఏటవాలు గీతల మధ్య రాస్తాం లెండి. ఏటవాలు గీత, పంట, మళ్లీ ఏటవాలు గీత. ముప్పావు మంది అదే రాశారు. వాళ్లకి నేనూ సున్నే చుట్టాను. దాన్ని మాత్రం అందరూ ఒకేలా పలికారు.