పొగగొట్టం సరే, కట్టెల సంగతి?
చిమ్నీని, అంటే పొగగొట్టాన్ని, ఏడాదికోసారి తోమించమని మీ వ్యాసంలో రాశారు, బాగుంది. మా నల్లగొండ వైపు ఫైర్‌ప్లేస్‌లు ఎక్కడివి గానీ, కట్టెల పొయ్యికి పొగగొట్టం పెట్టుకున్న ఇళ్లు, హోటళ్లు ఉన్నాయి. వాటికీ ఇదే లెక్క. అయితే కట్టెల గురించి ఒక్క ముక్కా లేదేంటండీ? అసలు టెన్షన్ అక్కడే. వానకు తడిసిన పత్తి కట్టె, పచ్చి తుమ్మ మొద్దులు పొయ్యిలో పెడితే మంట కంటే పొగే ఎక్కువ. ఆ పొగ గొట్టంలో చల్లబడి క్రియోసోట్ అనే మండే మసిగా పేరుకుంటుంది. మొదట్లో పొడి మసే, బ్రష్‌తో రాలుతుంది. తర్వాత నల్లగా, తారు పూసినట్టు మెరుస్తూ గట్టిపడుతుంది, గీకినా రాదు. రవ్వ తగిలితే గొట్టమే అంటుకుంటుంది. ఈ మసి 3 మిల్లీమీటర్ల మందం కనిపిస్తే ఏడాది దాకా ఆగొద్దు. ఇంకోటి, గొట్టం పైన జాలీ మూత తప్పనిసరి. పావురాలు గూడు పెడితే గొట్టం మూసుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకే తిరుగుతుంది, దానికి వాసన కూడా ఉండదు.