గుట్ట మీద హక్కుంది సరే, దోవ ఏది?

అనంతపురం, కర్నూలు వైపు గొర్రెల కాపర్లు మేత కోసం ఎందుకు కొట్టుకుంటున్నారు అంటే అందరూ ఒకటే చెప్తారు, జీవాలు ఎక్కువైనాయి బీడు తక్కువైంది, ఇంకేం చేస్తారు అని. నేను దీన్ని సగమే ఒప్పుకుంటా. బీడు తగ్గింది నిజమే, కానీ మిగిలిన బీడుకి కూడా పోయే దోవ లేకుండా అవుతోంది, దాని గురించి మాట్లాడేవాళ్లే లేరు.

ఏడాదంతా ఈ గొడవ ఉండదు, అది ముందు అర్థం చేసుకోవాలి. శెనక్కాయ పీకినాక రైతే కాపరిని పిలిచి పొలంలో మంద నిలబెట్టించుకుంటాడు, ఎరువు కోసం, దానికి డబ్బులో గింజలో ఇస్తాడు కూడా. కానీ జూన్ నుంచి అటూఇటుగా అక్టోబర్ దాకా పైరు మీదుంటుంది, అప్పుడు జీవాల్ని పొలం పక్కకి కూడా రానివ్వరు, అందులో తప్పు కూడా లేదు. ఆ నాలుగైదు నెలలు గొర్రెకి దిక్కు గుట్ట, వంక పోరంబోకు, ఊరి బంజరు, అంతే. ఇప్పుడు ఆ గుట్టకి ఒక పక్క సోలార్ కరెంటు పార్కు కంచె పడిందనుకోండి, మూడు ఊర్ల మందలు మూడు దోవల్లో ఎక్కేవి కాస్తా ఒకే పక్క నుంచి ఎక్కాలి, ఒకే కుంట దగ్గర నీళ్లు తాగాలి, ముందొచ్చినోడు తాపుకున్నాక వెనకొచ్చినోడికి బురదే మిగులుతుంది. మందలు కలిస్తే పీపీఆర్ లాంటి రోగం ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది, ఇంక మొదలు, మీ ఊరి జీవాలు మా గుట్టకి ఎందుకొచ్చినాయి అని కట్టెలు లేస్తాయి. పోలీస్ స్టేషన్లో అది రెండు ఊర్ల తగాదాగా రాస్తారు, కంచె సంగతి ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

కర్నూలు దగ్గర గని, శకునాల అనే ఊర్లలో ఉన్న సోలార్ పార్కు 1000 మెగావాట్లది, 2017లో కరెంటు మొదలైంది, దాదాపు 6 వేల ఎకరాలు. 2024 క్లీన్ ఎనర్జీ పాలసీలో రాష్ట్రం పెట్టుకున్న లక్ష్యం సోలార్, గాలి అన్నీ కలిపి 160 గిగావాట్ల పైనే, ఒక గిగావాట్ అంటే 1000 మెగావాట్లు. అంటే ఇంకా ఎన్ని కంచెలు రాబోతున్నాయో లెక్కేసుకోండి. సోలార్ వద్దని నేను అనట్లేదు, వాన సరిగ్గా పడని సీమలో లీజు డబ్బు రైతుకి పెద్ద ఆసరా. కానీ భూమి లేని కాపరికి ఆ లీజులో పైసా రాదు, పోయింది మాత్రం ఆయన దోవే.

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో జరిగిన వేటగాళ్ల కేసు చూస్తే ఈ సంగతి ఇంకా తేటగా కనపడుతుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినాక వేట నేరం, అక్కడ లైసెన్సు తీసుకుని చేసుకునే పని, కాబట్టి నేను చూసేది వేటని కాదు, భూమిని. 1860ల్లో అక్కడి సర్కారు రైల్వే కంపెనీలకి మైలు చదరం ఇచ్చి పక్క చదరం తన దగ్గర ఉంచుకుంటూ పోయింది, చదరంగం పలకలాగా. సర్కారు చదరాలు మూల దగ్గర తాకుతాయి కానీ మధ్యలో కాలు పెట్టే జాగా ఉండదు, పశ్చిమ రాష్ట్రాల్లో ఇట్లా ఇరుక్కుపోయిన ప్రజల భూమి సుమారు 80 లక్షల ఎకరాలు. 2021లో మిస్సోరి నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు ఆ మూల మీద నిచ్చెన పెట్టి ప్రైవేటు నేల తాకకుండా అటు దిగారు, భూమి యజమాని 70 లక్షల డాలర్లకి పైగా నష్టం అడిగాడు. 2025 మార్చిలో అప్పీలు కోర్టు వేటగాళ్ల పక్కే తీర్పిచ్చింది, అక్టోబర్లో సుప్రీంకోర్టు ఆ కేసు మళ్లీ వినను అంది. ప్రజల భూమికి అడ్డం కట్టొద్దని 1885లో చేసిన చట్టం వాళ్లని కాపాడింది. అక్కడ కూడా లోకల్ వేటగాడికి బయటి వేటగాడికి పడదు, కొన్ని అడవుల్లో పెద్ద జంతువుల వేటకి బయటి రాష్ట్రం మనిషి గైడో లోకల్ మనిషో తోడు లేకుండా పోకూడదని రూలే ఉంది. లోపలి భూమికి దోవ లేనప్పుడు అందరూ రోడ్డు పక్క ముక్క మీదే పడతారు, తగాదా ఎక్కడైనా అట్లే పుడుతుంది.

మనకి అట్లాంటి చట్టం ఏది? 1905 నాటి ఆక్రమణల చట్టం సర్కారు భూమి ఆక్రమించినోడి మీద పనిచేస్తుంది, సర్కారే లీజుకిస్తే అది కాపరికి పనికిరాదు. 2006 అటవీ హక్కుల చట్టంలో మేత హక్కు, సంచార పశుపోషకుల హక్కు రాశారు, బాగుంది, కానీ అది అడవి భూమికే, మన బీడు చాలావరకు రెవెన్యూ బంజరు. ఊరి ఉమ్మడి భూములు కాపాడండి అని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకి చెప్పింది, భూమి గురించి చెప్పింది సరే, ఆ భూమికి పోయే దోవ సంగతి కూడా ఎక్కడో ఒకచోట రాతలో ఉండాలి కదా.

చెయ్యాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. లీజు ఇచ్చేముందే మందల దోవలు, నీళ్ల కుంటలు గ్రామ నక్షలో గుర్తు పెట్టాలి, కంచెని ఒకే ముక్కగా కాకుండా మధ్యలో మంద పట్టేంత సందు వదిలి వెయ్యాలి. అమెరికాలో ప్యానెళ్ల కింద గడ్డి తగ్గించడానికి కంపెనీలే డబ్బిచ్చి గొర్రెల్ని తోలిస్తున్నాయి, ఇక్కడ మనం డబ్బు కూడా అడగట్లేదు, లోపలికి రానిస్తే చాలు. రీసర్వే వాళ్లు ఊర్లోకొస్తే గట్టు చూపించమని రైతుని పిలుస్తారు, కాపరిని కూడా పిలవాలి, అదీ వానాకాలంలోనే పిలిచి ఆయన వెంట నడవాలి, ఎందుకంటే ఎండాకాలంలో పొలాలు ఖాళీగా ఉంటాయి, మంద అడ్డం పడి పోతుంది, అసలు దోవ ఏదో అప్పుడు ఆయన వెంట నడిచినా తెలియదు.