కంట్రోల్ హెచ్ గారికి, మీ బాధితుడు వ్రాయునది

వర్డ్ ఫైల్లో ఒక మాటని వెతికి దాని చోట ఇంకో మాట పెట్టే గౌరవనీయులైన ఫైండ్ అండ్ రీప్లేస్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, కీబోర్డు మీద మీరూ కులాసాగానే ఉన్నారని తలుస్తాను. ఉభయకుశలోపరి.

మీకు నేను గుర్తుండను. మీ దగ్గరికి ఏటా ఏప్రిల్లో వేల మంది వస్తారు కదా. ఎంబీఏ ఫైనాన్స్, గుంటూరు పక్క కాలేజీ, ప్రాజెక్టు సబ్మిషన్‌కి ఇంకా రెండు రోజులు, హాస్టల్లో కరెంటు లేదు, ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ 20 శాతం, చేతిలో సీనియర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్. అందులో ఒక సిమెంట్ కంపెనీ వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం రోజువారీ నడవడానికి కావలసిన డబ్బు) మీద 84 పేజీల రిపోర్టు. నేను ప్రాజెక్టు చేసినట్టు సర్టిఫికెట్ తెచ్చుకున్నది మాత్రం ఒక డెయిరీ నుంచి. సిమెంట్ తీసేసి డెయిరీ పెట్టండి మహాప్రభో అని మిమ్మల్ని అడిగి రీప్లేస్ ఆల్ నొక్కాను. 412 చోట్ల మార్చేశానన్నారు. నా రెండేళ్ల చదువులో అంత చురుగ్గా జరిగిన పని ఇంకోటి లేదు.

మీరు చెప్పకుండా దాచిన సంగతేంటంటే, ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ప్లేస్‌మెంట్ అనే మాట తోకలో సి, ఇ, ఎం, ఇ, ఎన్, టి అని సాక్షాత్తూ సిమెంటే ఉంది. దాంతో నేను మొదటి పేజీలోనే మా కాలేజీ 'ప్లాడెయిరీ ఆఫీసర్' గారికి హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుకున్నాను. అనౌన్స్‌మెంట్ కాస్తా 'అనౌన్‌డెయిరీ' అయింది. రీప్లేస్‌మెంట్ కాస్ట్ 'రీప్లాడెయిరీ కాస్ట్' అయింది, అంటే సొంత ఇంటిపేరుని కూడా మీరు వదల్లేదు. అక్కడే 'మోర్' అని నొక్కితే పూర్తి మాటల్ని మాత్రమే వెతకమనే చిన్న గడి వస్తుందట, అందులో టిక్ పెడితే సరిపోయేదట. వైవా, అంటే నోటి పరీక్ష, అయ్యాక తెలిసింది నాకు.

వైవా గురించి కూడా చెప్పాలి. బయటి కాలేజీ నుంచి పరీక్షించడానికొచ్చిన ఎక్స్‌టర్నల్ సారు పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగి, "ఏం బాబూ, మీ డెయిరీలో సున్నపురాయిని 1450 డిగ్రీల దగ్గర కాలుస్తారా?" అన్నారు. పాలు కాచే సంగతేమో అనుకుని "అవును సార్" అన్నాను. "28 రోజులకి పూర్తి బలం వస్తుందని రాశావు, ఎవరికయ్యా?" అన్నారు. "తాగినవాళ్లకి సార్" అన్నాను. మా గైడు గారు కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టారు.

తప్పంతా మీదేనని అనను, మీ బంధువర్గం కూడా తక్కువది కాదు. మాటలు మార్చిపెట్టే వెబ్‌సైటొకటి మా రూమ్మేట్ రిపోర్టులో వర్కింగ్ క్యాపిటల్‌ని 'పనిచేసే రాజధాని' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్‌లోకి మార్చింది. (గుంటూరు జిల్లాలో కూర్చుని ఆ మాట చదివి నవ్వాలో ఏడవాలో మాకు తెలియలేదు.) ఇంకొకడున్నాడు, యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018లో కాపీని అరికట్టడానికి తెచ్చిన నిబంధనల్లో వరసగా 14 మాటల దాకా వేరేవాళ్ల రాతతో కలిస్తే లెక్కలోకి రాదని ఎక్కడో విని, ప్రతి పదమూడు మాటలకీ ఒక 'హౌఎవర్' నాటేవాడు, పొలం గట్టున కంది మొక్కలు నాటినట్టు. కాపీ 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు మళ్లీ రాసివ్వాలి, 60 దాకా ఉంటే ఏడాది ఆగాలి, అదీ దాటితే రిజిస్ట్రేషనే రద్దు అని అదే నిబంధనల్లో ఉన్న సంగతి వాడు వినలేదు. అసలు వాడు పడిన శ్రమలో సగం పడితే సొంతంగా రాసేయొచ్చు.

నన్ను కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ దాకా పోనివ్వలేదు. సున్నపురాయి దగ్గరే తేల్చేసి, మూడు నెలల్లో మళ్లీ రాసుకు రమ్మన్నారు. అలా, పుస్తకాల బాకీ లేదనే నో డ్యూ సంతకం కోసం తప్ప ఎప్పుడూ అడుగుపెట్టని లైబ్రరీకి పోయాను. 658 అంకె ఉన్న అలమరలో మేనేజ్‌మెంటూ, దాని పక్కన 657లో అకౌంటింగూ ఉంటాయని రెండేళ్ల తర్వాత తెలిసింది. లైబ్రేరియన్ మేడమ్ మాత్రం పుస్తకాల కంటే ముందు ఓ డెయిరీ కంపెనీ వార్షిక నివేదిక తీయించారు. లిస్టయిన కంపెనీలవన్నీ స్టాక్ ఎక్స్చేంజీల సైట్లలో ఊరికే దొరుకుతాయట. అందులో డెయిరీ సరుకు ఇచ్చినవాళ్లకి చెల్లించాల్సిన బాకీల మొత్తం పట్టుకుని, దాన్ని ఏడాది కొనుగోళ్లతో భాగించి, 365తో హెచ్చవేస్తే, కొన్నదానికి డబ్బు కట్టడానికి డెయిరీ తీసుకునే సగటు గడువు పది రోజుల చిల్లర అని వచ్చింది.

ఆ అంకె ఎక్కడో విన్నట్టనిపించింది. మా నాయనమ్మ రెండు గేదెల పాలు ఊళ్లో కేంద్రానికి పోస్తుంది. బిల్లు పదిహేను రోజులకోసారి, చేతికొచ్చేసరికి ఇంకో రెండ్రోజులు. మొదటి పూట పాలకి పదిహేడు రోజులు, చివరి పూట పాలకి రెండు రోజులు, సగటు తీస్తే పదికి దగ్గరే. డెయిరీ మాత్రం ఆ పాలని పాకెట్లు చేసి మర్నాడే అమ్ముకుని డబ్బు తెచ్చుకుంటుంది. అంటే వర్కింగ్ క్యాపిటల్ ఇస్తున్నది బ్యాంకు ఒక్కటే కాదు, మా నాయనమ్మ కూడా, అదీ వడ్డీ లేకుండా! ఆ సంగతి ఫోన్లో చెబితే, "మరి వడ్డీ ఎప్పుడిస్తారంట్రా?" అంది.

ఆమె పాల పుస్తకంలోని లెక్కని వాడుకోవచ్చా అని మేడమ్‌ని భయపడుతూ అడిగాను. "నిక్షేపంగా వాడుకో. పుస్తకంలో వాక్యమైతే కొటేషన్ పెట్టి పేరూ పేజీ రాయి, నీ మాటల్లోకి మార్చినా పేరు రాయి. మీ నాయనమ్మదైతే ఆమెని అడిగి ఆమె పేరు రాయి" అన్నారు. రాశాను. ఈసారి రిపోర్టు 46 పేజీలే వచ్చింది. ఎక్స్‌టర్నల్ సారు నాయనమ్మ పేరున్న ఫుట్‌నోటు దగ్గర ఆగి, వెన్న శాతం ఎంత వస్తుందని అడిగారు. దానికి మాత్రం తడుముకోకుండా జవాబు చెప్పాను.

ఇట్లు,
ప్లాడెయిరీ (మా బ్యాచ్ గ్రూపులో ఇప్పటికీ నా పేరు ఇదే)

తా.క.: నిన్న జూనియర్ ఒకడు ఫోన్ చేసి, "అన్నా, మీ రిపోర్టు వర్డ్ ఫైలుందా?" అన్నాడు. నీ ప్రాజెక్టు దేని మీదరా అంటే ఆసుపత్రి అన్నాడు. పంపలేదు. వాడు మిమ్మల్ని పిలుస్తాడు, ఆ తర్వాత పేషెంట్లకి పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్ పెడతారు.