పదహారు గంటల గారికి

అయ్యా,

తిరుపతి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎంతసేపురా అని మా అమ్మ అడిగితే, ఫోన్లో మీరే ప్రత్యక్షమయ్యారు. సుమారు 13,900 కిలోమీటర్లు, 16 గంటలు. "అంతేనా నాయనా! కాశీకి రైల్లో ఇంతకన్నా జాస్తి పట్టిందే" అని ఆ నిమిషానే ఒప్పేసుకుంది.

మీరెలా పుట్టారో తర్వాత తెలిసింది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి కొలవడం, గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగించడం, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కొసరు వేయడం. ఆ దారం హిమాలయాలు దాటి, టిబెట్ మీదుగా సైబీరియా మంచులోకి పోతుంది. టిబెట్ వైపు పోవాలంటే విమానాలు జంకుతాయి. లోపల గాలి ఒత్తిడి పడిపోతే పది వేల అడుగులకు దిగాలి, అక్కడ నేలే అంతకన్నా ఎత్తు. అమెరికా విమానాలనైతే 2022 నుంచి రష్యా తన ఆకాశంలోకే రానివ్వడం లేదు. దారానికేం, వీసా కూడా అక్కర్లేదు.

మా ఊళ్లో గంటలు చెప్పే పద్ధతి వేరు. కొండ మీద ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో, సర్వదర్శనానికి ఎన్ని గంటలో రోజూ చెబుతారు. నిలబడింది, కూర్చుంది, కునికింది అంతా అందులోనే. ఆ పని మీకు అప్పజెప్పి ఉంటే 'దర్శనం: 2 సెకన్లు' అని రాసేవారు. "జరగండి, జరగండి" అనే లోపల దొరికేది అంతే మరి! అలిపిరిలో 3,550 మెట్లు కూడా మీ లెక్కకు రావు. గద్దకు మెట్లెందుకు?

ఇక అమ్మ ప్రయాణం. చెన్నైలో విమానం సోమవారం తెల్లవారుజామున మూడున్నరకి. ఆదివారం రాహుకాలం నాలుగున్నరకి మొదలు కాబట్టి నాలుగింటికే గడప దాటాం. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. వీధి చివర బీపీ మాత్రలు గుర్తొచ్చాయి. వెనక్కి వస్తే కూర్చుని మంచినీళ్లు తాగాలి. తాగేసరికి ఆవకాయ డబ్బా మీద అనుమానం వచ్చి పెట్టె మళ్లీ తూచాం. 23 కిలోలు దాటింది. డబ్బా తీయాలా, చీరలు తీయాలా అని తేలేలోపు రాహుకాలం వచ్చేసింది. ఆరింటిదాకా చెప్పులేసుకుని సోఫాలో కూర్చున్నాం. ఈ రెండు గంటలు మీ దారంలో ఎక్కడున్నాయండీ?

పుత్తూరు, నగరి, తిరుత్తణి, ఆపైన చెన్నై ట్రాఫిక్. గల్ఫ్‌కి నాలుగున్నర గంటలు. అక్కడ ఐదు గంటల పడిగాపులు. మీరు దొరికింది ఆ తర్వాతే: గల్ఫ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకే పదహారు గంటలు! నిజమే చెప్పారు, ఊరు పేరు ఒక్కటే తప్పు.

మా గుమ్మం నుంచి చెల్లెలి గుమ్మానికి 40 గంటలు. క్యాలెండర్ చూస్తే మాత్రం ఆదివారం బయల్దేరి సోమవారం సాయంత్రానికే చేరింది. అక్కడి గడియారం పన్నెండున్నర గంటలు వెనక కదా. మీ చుట్టమే అయ్యుంటుంది.

ఆర్నెల్లకు తిరుగు ప్రయాణం. ఎంతసేపు పడుతుంది నాయనా అని నిన్న ఫోన్లో అడిగింది. పదహారు గంటలేనమ్మా అన్నాను. ఇంకేం చెప్పను, అక్కడే ఉండిపోతానంటే?

ఇట్లు,
పెట్టె తూచిన కొడుకు,
తిరుపతి