'జోయి' పోయిందని సైడ్‌కిక్‌లందర్నీ కొట్టిపారేయడం దేనికి?

అమెరికన్, బ్రిటిష్ సిరీస్‌ల మీద చర్చ వచ్చినప్పుడల్లా చేతులు మారే మాట ఒకటుంది. కాస్త అటూ ఇటుగా ఇలా ఉంటుంది: "సైడ్‌కిక్ ఊరగాయలాంటివాడు. నంజుకుంటే రుచి, కంచం నిండా వడ్డిస్తే నోట పెట్టలేం. కావాలంటే 'జోయి'ని చూడండి. 'ఫ్రేజర్' ఒక్కటే మినహాయింపు, అదీ కెల్సీ గ్రామర్ అదృష్టం. పాత సిరీస్‌వాళ్లు మధ్యమధ్యలో వచ్చి మొహం చూపిస్తేనే ఇవి నడుస్తాయి. అసలు స్పిన్‌ఆఫ్ అంటేనే పాత పేరు అమ్ముకోవడం."

స్పిన్‌ఆఫ్ అంటే ఒక సిరీస్‌లోని పాత్రని తీసుకుని నడిపే వేరే సిరీస్. 'ఫ్రెండ్స్' నుంచి 'జోయి', 'చీర్స్' నుంచి కెల్సీ గ్రామర్ ముఖ్యపాత్ర వేసిన 'ఫ్రేజర్' అలా వచ్చినవే. పై మాటని విడదీసి చూస్తే ఇందులో చివరి ముక్క ఒక్కటే నిలుస్తుంది, అదీ సగమే.

"కావాలంటే 'జోయి'ని చూడండి"

జోయి ట్రిబియానీ సైడ్‌కిక్ కాదు. 'ఫ్రెండ్స్'లో ఆరుగురు మిత్రులవీ సమాన పాత్రలే. పారితోషికం కూడా ఆరుగురూ ఒక్కటై మాట్లాడుకుని, చివరి రెండు సీజన్లకు ఎపిసోడ్‌కి తలా 10 లక్షల డాలర్లు తీసుకున్నారు. సైడ్‌కిక్ అంటే వేరొకరి కథలోకి వచ్చి, ఒక మాట అనో ఒక పని చేసో పక్కకు తప్పుకునేవాడు. జోయికి పదేళ్లపాటు సొంత కథలున్నాయి, సొంత ప్రేమలున్నాయి, సొంత ఉద్యోగం గొడవలున్నాయి. సైడ్‌కిక్‌లు పనికిరారని చెప్పడానికి సైడ్‌కిక్ కానివాణ్ణి సాక్ష్యానికి పిలిస్తే ఎలా?

మరి 'జోయి' ఎందుకు పోయింది? జనం రాక కాదు. 2004 సెప్టెంబర్ 9న మొదటి ఎపిసోడ్‌ని అమెరికాలో దాదాపు 1 కోటి 86 లక్షల మంది చూశారు. వచ్చినవాళ్లు ఉండలేదు. 'ఫ్రెండ్స్' జరిగే న్యూయార్క్‌లో జోయి ఒక తెలివితక్కువ మాట అంటే చాండ్లర్ ఎత్తిపొడిచేవాడు, రాస్ విసుక్కునేవాడు, ఫీబీ అంతకంటే వింత మాట అనేది. అలా ఒక్క మాటకి మూడు నవ్వులు పుట్టేవి. 'జోయి' జరిగే లాస్ ఏంజెలెస్‌లో అతని పక్కన పెట్టింది నోరున్న అక్క జీనాని, చదువుల పుట్ట అయిన మేనల్లుడు మైకేల్‌ని. ఆ కుర్రాడికి లోకజ్ఞానం లేదు కాబట్టి బుద్ధులు చెప్పే పని జోయి మీద పడింది. ఇంటి అమాయకుడే ఇంటి పెద్ద అయ్యాడు, నవ్వుకి ఆధారం పోయింది. పైగా 'ఫ్రెండ్స్' సృష్టికర్తలు మార్తా కౌఫ్‌మన్, డేవిడ్ క్రేన్ ఈ సిరీస్‌లో లేరు. రెండో సీజన్ చివర్లో మంగళవారానికి మార్చి పాటల పోటీ 'అమెరికన్ ఐడల్'కి ఎదురు పెట్టారు, దాంతో కథ ముగిసింది. తీసిన 46 ఎపిసోడ్‌లలో చివరి 8 అమెరికాలో ప్రసారమే కాలేదు.

"కంచం నిండా వడ్డిస్తే నోట పెట్టలేం"

ఈ పోలిక పెట్టినవాళ్లు ఒక సంగతి వదిలేశారు. గట్టి రైటర్లు ఎవరూ ఊరగాయని కంచం నిండా వడ్డించరు, ముందు వంటే మారుస్తారు.

'బ్రేకింగ్ బ్యాడ్'లో సాల్ గుడ్‌మన్ అనే లాయరు రెండో సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌లో, 2009లో వచ్చాడు. మెరిసే టైలు, టీవీ ప్రకటనలు, ఆగని వాగుడు. ఆ మనిషిని గంటసేపు భరించడం కష్టమని రైటర్లు పీటర్ గౌల్డ్, విన్స్ గిలిగన్‌లకు తెలుసు. మొదట అరగంట కామెడీగా చేద్దామనుకుని, అది మానుకుని, అసలు సాల్‌నే తీసేశారు. 2015లో మొదలైన 'బెటర్ కాల్ సాల్'లో మనం చూసేది సాల్ కాకముందు అతని అసలు రూపం జిమ్మీ మెక్‌గిల్‌ని: నెయిల్ సెలూన్ వెనక గదిలో ఆఫీసు, ఒక తలుపు వేరే రంగున్న డొక్కు సుజుకీ కారు, తనకంటే గొప్ప లాయరైన అన్న చక్. 'సాల్ గుడ్‌మన్' పేరుతో ప్రాక్టీస్ చేస్తానని అతను అనేది నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్‌లో. జనం దేనికోసం వచ్చారో దాన్ని నలభై ఎపిసోడ్‌ల దాకా అట్టేపెట్టారన్నమాట. ఆరు సీజన్లు, 63 ఎపిసోడ్‌లు నడిచింది, తల్లి సిరీస్ కంటే ఒకటి ఎక్కువే. (అమెరికన్ టీవీ అవార్డులైన ఎమ్మీలకి 53 నామినేషన్లు, ఒక్క గెలుపూ లేదు. అది ఎమ్మీవాళ్లు చెప్పుకోవాల్సిన సంజాయిషీ.)

పాత్ర మొదటిసారి వచ్చినప్పుడు రాసి వదిలేసిన చిన్న ముక్కలు కూడా ఇక్కడ అక్కరకొచ్చాయి. ఎడారిలో గొయ్యి ముందు మోకాళ్ల మీద నిలబెట్టినప్పుడు సాల్ భయంతో ఇగ్నాసియో, లాలో అని రెండు పేర్లు అరుస్తాడు. వాళ్లెవరో అప్పట్లో రైటర్లకే తెలియదు. స్పిన్‌ఆఫ్‌లో ఆ రెండు పేర్లే నాచో, లాలో సాలమాంకా అనే పాత్రలయ్యాయి.

ఈ సందర్భంలోనే మన దగ్గరి ఇంకో మాట కూడా కలిపేస్తుంటారు, కమెడియన్ హీరో అయితే సినిమా ఆడదని. అది వేరే లెక్క. అక్కడ నటుడు కొత్త పాత్రలోకి వెళ్తాడు, ఇక్కడ పాత్రే తన గతాన్ని మోసుకుంటూ కొత్త ఇంటికి వెళ్తుంది.

"'ఫ్రేజర్' ఒక్కటే మినహాయింపు, అదీ అదృష్టం"

అదృష్టమైతే ఒక లాటరీతో సరిపోవాలి. 'ఫ్రేజర్'లో ఏమేం మార్చారో చూస్తే పనితనమే కనిపిస్తుంది.

'చీర్స్' బాస్టన్‌లోని ఒక బార్ కథ. ఫ్రేజర్ క్రేన్ 1984లో, మూడో సీజన్ మొదట్లో, బార్‌లో పనిచేసే డయాన్‌కి ప్రేమికుడిగా వచ్చాడు. కొన్ని ఎపిసోడ్‌ల పాత్ర తొమ్మిది సీజన్లు సాగింది. బార్‌లో అతని పని ఒక్కటే: బీరు తాగేవాళ్ల మధ్య పెద్ద పెద్ద మాటలు మాట్లాడి వాళ్లచేత చివాట్లు తినడం. బార్ తీసేస్తే చివాట్లు పెట్టేవాళ్లు ఉండరు. 1993లో 'ఫ్రేజర్' సృష్టికర్తలు డేవిడ్ ఏంజెల్, పీటర్ కేసీ, డేవిడ్ లీ ముందుగా పూడ్చింది ఈ లోటునే. మాజీ పోలీసు అయిన తండ్రి మార్టిన్‌ని తెచ్చారు: తుంటికి బుల్లెట్ తగిలింది, చేతికర్ర, బీరు, టేపు అంటించిన పాత కుర్చీ. ఖరీదైన ఫ్లాట్ మధ్యలో ఆ కుర్చీ పడగానే బార్ మొత్తం ఇంట్లోకి వచ్చినట్టైంది.

ఇంకో లోటు ఉంది. హీరో అయినవాడు మరీ డాబుసరిగా ఉంటే ప్రేక్షకుడు అతని వైపు నిలబడడు. అందుకని తమ్ముడు నైల్స్. కాఫీ షాపులో కూర్చునే ముందు రుమాలుతో కుర్చీ తుడుచుకునే మనిషి. అతని పక్కన ఫ్రేజర్ మామూలువాడిలా కనిపిస్తాడు. అటు మార్టిన్, ఇటు నైల్స్ ఉండగా నిన్నటి సైడ్‌కిక్ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. మూడో మార్పు ఊరు. సియాటెల్ బాస్టన్‌కి దేశం ఆ చివర, పాత బార్ మిత్రులు సాయంత్రం పూట తొంగిచూడలేనంత దూరం.

చిక్కులూ వచ్చాయి. 'చీర్స్'లో ఫ్రేజర్ తన తండ్రి శాస్త్రవేత్త అనీ, చనిపోయాడనీ చెప్పి ఉన్నాడు. 'ఫ్రేజర్' రెండో సీజన్‌లో పాత బార్ నడిపే సామ్ మలోన్ వచ్చినప్పుడు మార్టిన్ ఎదురుగానే ఆ సంగతి బయటపడుతుంది. గొడవపడి కోపంలో అన్నానని ఫ్రేజర్ ఒప్పుకుంటాడు. పొరపాటు పూడ్చారు, తండ్రీకొడుకుల దూరం ఎంతో కూడా తేలింది. 11 సీజన్లు, 264 ఎపిసోడ్‌లు, 37 ఎమ్మీలు, అందులో ఉత్తమ కామెడీ సిరీస్‌గా వరసగా ఐదు. గ్రామర్ గొప్ప నటుడే. కానీ ఇంత అల్లిక ఒక్క నటుడి అదృష్టం మీద నడవదు.

'ఒక్కటే మినహాయింపు' అన్నది మరీ అన్యాయం. పేరుకీ పనికీ అసలైన సైడ్‌కిక్ అంటే ఆక్స్‌ఫర్డ్ పోలీసు సార్జెంట్ లూయిస్. 'ఇన్‌స్పెక్టర్ మోర్స్'లో 1987 నుంచి 2000 దాకా కారు నడిపి, తలుపులు తట్టి, సాక్షుల్ని అడిగి, మోర్స్ విసుర్లు భరించినవాడు. మోర్స్‌గా వేసిన జాన్ థా 2002లో పోయారు. 2006లో కెవిన్ వేట్లీతోనే 'లూయిస్' వచ్చింది. ఇప్పుడు లూయిస్ ఇన్‌స్పెక్టర్. అతని కింద సార్జెంట్ హాథవే: కేంబ్రిడ్జ్‌లో చదివి, ఒకప్పుడు పాదిరీ కావాలనుకున్నవాడు. పాత జంటలో పద్యాలు, ఆపెరా తెలిసినవాడు అధికారి, మామూలు మనిషి కింది ఉద్యోగి. కొత్త జంటలో చదువు కిందికీ అధికారం మామూలు మనిషికీ వెళ్లాయి. లూయిస్ స్వభావంలో పెద్దగా ఏమీ మార్చలేదు, భార్యని పోగొట్టుకున్న దుఃఖం మాత్రం కలిపారు. 'మోర్స్' 33 ఎపిసోడ్‌లు, 'లూయిస్' కూడా సరిగ్గా 33.

మిగతావి త్వరగా చెప్పేద్దాం. 'ది ఆండీ గ్రిఫిత్ షో'లో పెట్రోల్ బంకులో పనిచేసే గోమర్ పైల్‌ని 1964లో మెరైన్స్ అనే అమెరికా సైనిక దళంలో చేర్చి, ఎదురుగా అరుపుల సార్జెంట్ కార్టర్‌ని పెడితే 150 ఎపిసోడ్‌లు వచ్చాయి. 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ'లో పక్కింటి జెఫర్‌సన్‌లు 1975లో క్వీన్స్ నుంచి మాన్‌హాటన్‌కి మారారు. జార్జ్ నోటికి తాళం వేయడానికి పనిమనిషి ఫ్లారెన్స్ వచ్చింది. తల్లి సిరీస్ 9 సీజన్లు, ఇది 11. 'హ్యాపీ డేస్'లో ముందు అతిథులుగా వచ్చిన లావెర్న్, షర్లీ ఆ తర్వాత అమెరికా రేటింగుల్లో రెండేళ్లు మొదటి స్థానంలో ఉన్నారు.

ఒకే సిరీస్ నుంచి ముగ్గురు బయటికెళ్తే ఎలా ఉంటుందో కూడా చూశాం. 'ది మేరీ టైలర్ మూర్ షో' నుంచి రోడా, ఫిలిస్, లూ గ్రాంట్. 'రోడా' జోరుగా మొదలై, ఎనిమిదో వారంలో, 1974 అక్టోబర్ 28న, ఆమె పెళ్లితో 5 కోట్లకు పైగా జనాన్ని కూర్చోబెట్టింది. చిక్కు అక్కడే పుట్టింది: పెళ్లికాని పిల్ల వెటకారమే రోడా బలం. పెళ్లయ్యాక ఆ మాటలన్నీ చెల్లెలు బ్రెండాకి వెళ్లిపోయాయి. మూడో సీజన్‌లో మొగుడూపెళ్లాల్ని విడదీశారు, చూసేవాళ్లు తగ్గారు, ఐదో సీజన్ మధ్యలో ఆగింది. ఫిలిస్ గొప్పలు పోయే మనిషి, పాత సిరీస్ హీరోయిన్ మేరీ, రోడాల చురకలే ఆమెకి అందం. సొంత సిరీస్‌లో ఆమెని భర్త పోయిన ఆడదాన్ని చేశారు, చురక వేయడానికి చెయ్యి రాదు. మూడు ఎపిసోడ్‌లయ్యాక అందులో సహాయపాత్ర వేసిన బార్బరా కోల్బీ హత్యకు గురైంది. సిరీస్ రెండు సీజన్లతో ముగిసింది. లూ గ్రాంట్‌ది ఎవరూ ఊహించని దారి. అరగంట కామెడీలోని టీవీ న్యూస్ బాస్‌ని లాస్ ఏంజెలెస్ పత్రికాఫీసులో పెట్టి గంట డ్రామా చేశారు. ఐదు సీజన్లు. ఎడ్ ఆస్నర్ ఒకే పాత్రకి కామెడీలోనూ డ్రామాలోనూ ఎమ్మీలు అందుకున్నారు.

"పాతవాళ్లు మొహం చూపిస్తేనే నడుస్తాయి"

'బెటర్ కాల్ సాల్'లో 'బ్రేకింగ్ బ్యాడ్' ముఖ్యపాత్రలు వాల్టర్ వైట్, జెస్సీ మొదటిసారి కనిపించేది 61వ ఎపిసోడ్‌లో. 'ఫ్రేజర్'లో సామ్ వచ్చింది పదకొండేళ్లలో ఒక్కసారి. 'లూయిస్'లో మోర్స్ రావడానికి వీల్లేదు. ఇక ఇందులో వాదించడానికి ఏముంది?

"పాత పేరు అమ్ముకోవడం"

ఇది సగం నిజం. ఛానల్‌కి తెలిసిన మొహం కావాలి, ఖాళీ అయిన టైమ్ స్లాట్ నిండాలి. అలా తొందరపడి తీసినవీ ఉన్నాయి. 'చీర్స్' నుంచే, 'ఫ్రేజర్' కంటే ఆరేళ్ల ముందు, 1987లో 'ది టార్టెల్లీస్' వచ్చింది. బార్‌లో పనిచేసే కార్లా మాజీ మొగుడు నిక్‌ని లాస్ వేగస్ తీసుకెళ్లి టీవీ రిపేరు షాపు పెట్టించారు. నిక్ వస్తే కార్లాకి ఒళ్లు మండేది, ఆ మంటే నవ్వు. ఆమె లేని ఊళ్లో నిక్ ఉత్త చెడ్డవాడు. 13 ఎపిసోడ్‌లు. కొరియా యుద్ధంలోని సైనిక ఆసుపత్రి కథ 'మ్యాష్' ముగియగానే కర్నల్ పాటర్, క్లింగర్, ఫాదర్ మల్కాహీలను ఒకే ఆసుపత్రిలో కలిపి 'ఆఫ్టర్‌మ్యాష్' తీశారు. ముగ్గురూ ఎదుటివాడికి బదులివ్వడంలో దిట్టలే, కథని ముందుకు లాగేవాడు ఒక్కడూ లేడు. రెండో సీజన్‌లో యాక్షన్ సిరీస్ 'ది ఎ-టీమ్'కి ఎదురు వేస్తే పడిపోయింది.

అయితే పాత పేరుంటే చాలని ఛానళ్లు కూడా అనుకోవు. 'ది ఆఫీస్'లో డ్వైట్ ష్రూట్ కంటే పేరున్న సైడ్‌కిక్ ఆ రోజుల్లో ఎవరున్నారు? అతని పొలం మీద 'ది ఫార్మ్' అనే సిరీస్ కోసం తొమ్మిదో సీజన్‌లో ఒక ఎపిసోడ్ తీశారు. తోబుట్టువులు, మేనల్లుడు, ఇంకా చుట్టాలు, అందర్నీ ఒకేసారి దించారు. ఆఫీసులో డ్వైట్‌ని ఆటపట్టించే జిమ్ స్థానంలో మాత్రం ఒక్క మనిషిని ఖాయం చేయలేదు. ఛానల్ ఎన్‌బీసీ 2012లోనే వద్దంది. తీసినదాన్ని అటూ ఇటూ మార్చి 2013 మార్చిలో మామూలు ఎపిసోడ్‌గా వేసి వదిలేశారు.